బాలుగారి గొంతులోని నటుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి జీవితం గురించి ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో కోరినప్పుడు, ఉత్తరాలన్నీ పాటల చుట్టూనే తిరుగుతాయని అనుకున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలు చూశాక నా అంచనా మారింది. ఆయన నటన గురించీ, డబ్బింగు గురించీ, ఇంటి గురించీ, తండ్రిగారి గురించీ మీరు ఎంతో శ్రద్ధగా అడిగారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపి సమాధానం ఇస్తున్నాను.

నెల్లూరు, మూలాపేట పాఠకుడు: బాలుగారు మా ఊరివారని మేము గొప్పగా చెప్పుకుంటాము. కానీ ఆయన చదువు వేరే ఊళ్ళలో సాగింది, జీవితమంతా మద్రాసులో గడిచింది. నెల్లూరు ఆయనకు ఇచ్చినది ఏమిటని మా అబ్బాయి అడిగితే సమాధానం తోచలేదు. మీరేమంటారు?

అయ్యా, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న మంచిది. నెల్లూరు ఆయనకు హరికథ వినే చెవిని ఇచ్చింది అని చెప్పండి. తండ్రి శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి గారు నెల్లూరులో పేరున్న హరికథా విద్వాంసులు; ఊరిలో భిక్షాటన చేసి మరీ త్యాగరాజ స్వామి ఉత్సవాలను జరిపించిన మనిషి. 1946 జూన్ 4న పుట్టిన బాలుగారు నగరిలోనూ, శ్రీకాళహస్తిలోనూ, తిరుపతిలోనూ చదువుకున్న మాట నిజమే కానీ, సంగీతం ఆయనకు గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న పాఠంగా కాక ఇంట్లో గాలిలా తిరిగిన వస్తువుగా పరిచయమైంది.

హరికథ ఎలా నడుస్తుందో ఈ తరం పిల్లలకు కొంచెం వివరించి చెప్పాలి. వేదిక మీద ఉండేది ఒక్క మనిషి. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ, వెనక మృదంగమూ ఫిడేలూ ఉంటాయి. ఆ ఒక్క మనిషే దశరథుడై ఏడవాలి, కైకేయి అయి పట్టుబట్టాలి, గుహుడై పడవ నడపాలి. మళ్ళీ మరుక్షణంలో కథకుడై శ్రోతల వైపు తిరిగి మాట్లాడాలి. వేషం మారదు, మారేది గొంతొక్కటే. పద్యం వచనంలోకీ, వచనం కీర్తనలోకీ అతుకు తెలియకుండా జారిపోవాలి. ఇది చూస్తూ పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక మైకు ముందు నిలబడి, కంటికి కనిపించని పాత్రకు ప్రాణం పోయడంలో ఆశ్చర్యం లేదు. బాలుగారి పాటకూ, ఆయన డబ్బింగుకూ, తెర మీద నటనకూ మూలం ఒక్కటేనని, అది సాంబమూర్తి గారి హరికథేనని నేను గట్టిగా నమ్ముతాను. ఈ నాలుగు పుటలలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

ఇంటి సంగతి కూడా చాలామంది అడిగారు. తల్లి శకుంతలమ్మ గారు 2019 ఫిబ్రవరిలో నెల్లూరులోనే కన్నుమూశారు. ఏడాది గడిచాక, 2020 ఫిబ్రవరిలో, తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల నిమిత్తం కంచి కామకోటి పీఠానికి బాలుగారు స్వయంగా వచ్చి అప్పగించారు. ఆ సెప్టెంబరు 25నే ఆయన చెన్నైలో పరమపదించారు. తండ్రి కథ చెప్పిన ఊళ్ళో, తండ్రి తిరుగాడిన ఇంట్లో, పిల్లలు స్వరం తప్పకుండా వేదం వల్లెవేయాలని కోరుకున్న కొడుకు ఋణం తీర్చుకున్న తీరు నా మనసును ఇప్పటికీ కదిలిస్తుంది.

గూడూరు పాఠకురాలు: బాలుగారిని మొదట గుర్తించినది ఎస్. జానకి గారేననీ, అది మా గూడూరులోనేననీ మా తాతయ్య చెబుతుండేవారు. నిజమేనా?

మీ తాతగారు చెప్పినది నిజమేనమ్మా. గూడూరులో జరిగిన పాటల పోటీకి అతిథిగా వచ్చిన జానకి గారు కుర్రవాడైన బాలుగారి పాట విని, సినిమాలలో ప్రయత్నించమని ప్రోత్సహించారు. ఈ సంగతిని ఆయన ఎన్నో సభలలో కృతజ్ఞతతో చెప్పుకున్నారు. అప్పటికి ఆయన లక్ష్యం ఇంజనీరు కావడం. అనంతపురంలో ఇంజనీరింగు కళాశాలలో చేరి, టైఫాయిడు వల్ల చదువు మానుకుని, తరువాత మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజనీరింగు కోర్సు చదువుతూ పోటీలలో పాడుతుండేవారు.

అక్కడ ఒక పోటీలో ఆయన పాట విన్న సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి గారు ఆయనను వదల్లేదు. నటుడు పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం 1966 డిసెంబరు 15న సుశీల, పీబీ శ్రీనివాస్ వంటి ఉద్దండుల సరసన నిలబెట్టి మొదటి పాట పాడించారు. అంతటితో ఊరుకోక, ఆ పాట టేపును చెరపనీయకుండా దాచి ఉంచి, మిగతా సంగీత దర్శకులకు వినిపించే ఏర్పాటు కూడా చేశారు. ఇంటిపేర్లలోని పొడి అక్షరాలు కలిసినంత మాత్రాన వారిద్దరూ చుట్టాలు కారు. అయినా బాలుగారు తరువాత కట్టుకున్న రికార్డింగు థియేటరుకూ, స్థాపించిన చిత్ర నిర్మాణ సంస్థకూ కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

కావలి పాఠకుడు: ఎన్టీఆర్‌కు పాడితే ఎన్టీఆర్ పాడినట్టే, అక్కినేనికి పాడితే అక్కినేని పాడినట్టే ఉంటుంది. ఇది మిమిక్రీయేనా? మిమిక్రీ అయితే దానిని గొప్ప గానం అనవచ్చునా?

ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా చెప్పాలి. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు కన్నుమూసినప్పుడు తెలుగు సినిమా పాటకు ఏర్పడిన ఖాళీ మామూలు ఖాళీ కాదు. ఇద్దరు అగ్రనటులను మూడు దశాబ్దాల పాటు ఒకే గొంతుతో వినడానికి అలవాటు పడిన శ్రోత, కొత్త గొంతును అనుమానంతోనే వింటాడు. ఆ అనుమానాన్ని తీర్చడానికి బాలుగారు ఎంచుకున్న దారి, నటుడు మాట్లాడే తీరును పాటలోకి తేవడం. అక్కినేని గారు మాటను కొంచెం నెమ్మదిగా విడిచి, చివర మెత్తగా ముగిస్తారు. రామారావు గారు పదాన్ని నిండుగా పలికి ముందుకు నెట్టుతారు. 1977లో వచ్చిన ‘అడవిరాముడు’ పాటలనూ, 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’ పాటలనూ వెంటవెంటనే వినండి. పాడినది ఒకే గాయకుడు, కానీ ఊపిరి తీసుకునే చోటు మారింది, అక్షరం మీద వేసిన బరువు మారింది.

‘మనుషులంతా ఒక్కటే’లో అల్లు రామలింగయ్య గారికి పాడిన ‘ముత్యాలూ వస్తావా’ దీనికి మరో ఉదాహరణ. గాయకుడు తన గొంతులోని తీపిని మొత్తం పక్కనబెట్టి హాస్యనటుడి గొంతులోకి దిగిపోయాడు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద టీకొట్టు రేడియోలో ఈ పాట వచ్చినప్పుడు, పాడినది అల్లువారేనని మా పెద్దవారొకరు పందెం కట్టడం నాకు బాగా గుర్తు.

ఇక మిమిక్రీ మాట. మిమిక్రీ కళాకారుడు మనకు గొంతును చూపి ఆగిపోతాడు. బాలుగారు ఆ గొంతును తలుపుగా వాడుకుని లోపలి మనిషి బాధలోకి వెళ్ళారు. ‘సాగరసంగమం’లో ‘తకిట తధిమి’ వినండి. తాగిన మనిషి తూలుతున్నాడు, కానీ అతడు నాట్యం తెలిసినవాడు కనుక లయ తప్పడు. అతడిలో పాత ఓటమి ఉంది, నవ్వూ ఉంది. మత్తును పాటలో పలికించడం సులభమే, మత్తులో కూడా చెడని విద్యను పలికించడం మాత్రం నటన తెలిసిన గాయకుడికే సాధ్యం. బొమ్మ చూడకుండా ఆ పాట విన్నా కమల్ హాసన్ అడుగులు కళ్ళముందు కదులుతాయి. ఆ చిత్రానికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది, పురస్కారం ‘వేదం అణువణువున’ పాటకు. అయితే నన్ను అడిగితే, ఆయనలోని నటుడు మొత్తంగా దొరికేది ‘తకిట తధిమి’లోనే.

ఇదే విద్య డబ్బింగులో పూర్తిగా బయటపడింది. కమల్ హాసన్ అనువాద చిత్రాలకు ఏళ్ళ తరబడి ఆయనే మాట ఇచ్చారు. ‘దశావతారం’ తెలుగులో పది పాత్రలలో ఏడింటికి ఆయన గొంతే వినిపిస్తుంది. ‘గాంధీ’ తెలుగు అనువాదంలో బెన్ కింగ్‌స్లీకి మాట ఇచ్చినదీ ఆయనే. 1997 నాటి ‘అన్నమయ్య’లో విశేషం మరీ గొప్పది: నాగార్జున పోషించిన అన్నమయ్యకు పాట ఆయనదే, సుమన్ పోషించిన వేంకటేశ్వరస్వామికి మాట కూడా ఆయనదే. చివరి ఘట్టంలో భక్తుడు పాడుతాడు, దేవుడు బదులు పలుకుతాడు. రెండూ ఒకే కంఠం నుంచి వచ్చాయని చూసేవారికి తట్టదు. గజ్జె కట్టిన హరిదాసు చేసే పని సరిగ్గా ఇదే కదా!

సింగరాయకొండ పాఠకుడు: శాస్త్రీయ సంగీతం నేర్చుకోని వ్యక్తి ‘శంకరాభరణం’ ఎలా పాడగలిగారు?

భయపడుతూనే పాడారు. సంగీత దర్శకుడు కేవీ మహదేవన్ గారికీ, దర్శకుడు కె. విశ్వనాథ్ గారికీ ఆయన మీద ఉన్న నమ్మకం, తొలుత ఆయనకు తన మీద లేదు. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గర కూర్చుని ఒక్కొక్క సంగతినీ, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే ప్రతి తీరునూ, పదేపదే చెప్పించి సాధన చేయించారు. చిన్ననాటి నుంచి త్యాగరాజ కీర్తనలు విన్న చెవి ఉన్నది కనుక చెప్పినది చెప్పినట్టు పట్టుకున్నారు. 1980 ఫిబ్రవరిలో విడుదలైన ఆ చిత్రానికి ఆయన తొలి జాతీయ పురస్కారాన్ని అందుకున్నారు.

విద్వాంసులలో కొందరు ఆ పాటలలో శాస్త్రం తూకం తక్కువని విమర్శించారు. సంగీత సభలో కచేరీకి పెట్టే కొలబద్దను సినిమా పాటకు పెడితే ఆ మాట సరైనదే కావచ్చు. కానీ అక్కడ పాడుతున్నది శంకరశాస్త్రి అనే ఒక పాత్ర. జేవీ సోమయాజులు గారి ముఖంలోని గాంభీర్యానికీ, ఆ వయసుకూ, ఆ పట్టుదలకూ ముప్పయ్యేళ్ళు దాటిన ఒక యువకుడి గొంతు అతికిపోయిందంటే, శాస్త్రం చేయవలసిన పనిలో కొంత భాగాన్ని నటన చేసిందన్నమాట.

ఒంగోలు పాఠకురాలు: మా ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారు నటించి, పాడి, దర్శకత్వం వహించి, కథలు కూడా రాశారు. పాడుతూ నటించినవారిలో ఆమెతో బాలుగారిని పోల్చవచ్చునా?

పోల్చవచ్చునమ్మా, కానీ ఇద్దరూ వచ్చిన దారులు వేరు. భానుమతి గారు 1939లో తెరకెక్కిన నాటికి పాడగలవారే నటులు. నాగయ్య గారు 1946లో త్యాగయ్యగా నటించినప్పుడు కీర్తనలు తానే పాడుకున్నారు; సరిగ్గా ఆ ఏడే బాలుగారు పుట్టారు. తరువాత నేపథ్యగానం స్థిరపడి పాడేవారు ఒకరు, ఆడేవారు ఒకరు అయ్యారు. భానుమతి గారు మాత్రం ఆ పద్ధతికి తలవంచలేదు. 1951 నాటి ‘మల్లీశ్వరి’లో కథానాయకుడికి ఘంటసాల గారు పాడితే, ఆమె తన పాట తానే పాడుకున్నారు.

బాలుగారు ఎదురు దిక్కు నుంచి వచ్చారు. ఇరవై ఏళ్ళకు పైగా తెర వెనక నిలబడి ఇతరుల ముఖాలకు గొంతునిచ్చి, నలభై దాటాక ఆ గొంతుకు తన ముఖాన్ని ఇచ్చారు. భానుమతి గారి నటనలో ఉన్న దర్పం ఆయనలో కనిపించదు. ఆయన తెర మీద ఎప్పుడూ ఎదుటివారిని ముందు నిలబెట్టి, తాను అరడుగు వెనక ఉన్నట్టే నటించారు.

కందుకూరు పాఠకుడు: నటుడిగా బాలుగారి చిత్రాలలో తప్పక చూడవలసినవి చెప్పండి.

కె. బాలచందర్ గారు 1987లో ఒక తమిళ చిత్రంలో వైద్యుడి పాత్ర ఇచ్చినప్పటి నుంచి ఆయనను దర్శకులు నటుడిగా గంభీరంగా తీసుకున్నారు. 1989లో వెంకటేశ్, రేవతి నటించిన ‘ప్రేమ’లో ఆయనది ముఖ్యమైన పాత్ర. 1990లో తమిళంలో కథానాయకుడిగా నటించిన చిత్రం తెలుగులో ‘ఓ పాపా లాలి’గా వచ్చింది. ఇళయరాజా గారి స్వరంలో, చరణం మొత్తం ఒక్క గుక్కలో సాగినట్టు వినిపించే ‘మాటే రాని చిన్నదాని’ అందులోదే. లావుపాటి శరీరం, మధ్యవయసు, ఆడపిల్ల తండ్రి: అటువంటి మనిషిని ప్రేమకథకు నాయకుణ్ణి చేస్తే ప్రేక్షకులు ఆదరించారు, ఎందుకంటే తెర మీద కనిపించిన మనిషిలో తమ పక్కింటి పెద్దమనిషిని చూసుకున్నారు. ‘ప్రేమికుడు’లో ప్రభుదేవాకు తండ్రిగా, కానిస్టేబులుగా నటించి, ‘అందమైన ప్రేమరాణి’ పాటలో కొడుకుతో సమానంగా చిందులు వేశారు. 1996 నాటి ‘పవిత్రబంధం’లో వెంకటేశ్‌కు తండ్రి.

వీటన్నిటికంటే నేను ఎక్కువసార్లు చూసినది ‘మిథునం’. శ్రీరమణ గారి కథను తనికెళ్ళ భరణి గారు 2012లో తెరకెక్కించారు. కథ అంతటా కనిపించేది అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే వృద్ధ దంపతులు ఇద్దరే. పెరటి కూరలు, పప్పు, పచ్చడి, చిన్న చిన్న తగవులు, మళ్ళీ ఒక పిలుపు. రెండు గంటల సేపు ఇద్దరి మాటల మీద సినిమా నిలబడాలంటే ఆ మాటలలో పాటకు ఉండే లయ ఉండాలి. తిండి గురించి మాట్లాడుతున్నప్పుడు బాలుగారి నోటిలో ఊరే నీరు మనకూ ఊరుతుంది. అలిగినప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లవాడిదవుతుంది. బుచ్చిలక్ష్మిగా నటించిన లక్ష్మి గారి మౌనాన్ని ఆయన వినే తీరు చూడండి, అందులో నటన కనిపించదు, నిజంగానే వింటున్నట్టు ఉంటుంది. మరొక విశేషం: తాను కథానాయకుడైన ఈ చిత్రంలో ‘ఆది దంపతులే’ అనే పాటను పాడినది ఏసుదాసు గారు. నలభై ఆరేళ్ళు ఇతరులకు గొంతునిచ్చిన మనిషికి తెర మీద మరో మహాగాయకుడి గొంతు తోడైంది. తాను పాడవలసిన చోటును ఇంకొకరికి వదలగలగడంలో ఆయన పెద్దమనసు నాకు కనిపిస్తుంది.

ఆత్మకూరు పాఠకుడు: పాటలు ఎన్ని, పురస్కారాలు ఎన్ని?

పాటలు నలభై వేలకు పైచిలుకు అని లోకంలో వాడుక. 1966 చివరి నుంచి 2020 వరకు దాదాపు యాభై నాలుగేళ్ళు. ఆ లెక్కన సెలవన్నది లేకుండా రోజుకు రెండు పాటలు పాడి ఉండాలి. జాతీయ పురస్కారాలు ఆరు: తెలుగులో ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’, ‘రుద్రవీణ’లకు మూడు, హిందీ, కన్నడ, తమిళ భాషలలో ఒక్కొక్కటి. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, మరణానంతరం 2021లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఉదయగిరి పాఠకుడు: మన జిల్లాకు చెందిన ఇతర సినిమా ప్రముఖులతో ఆయన కలిసి చేసిన పనులు ఏవైనా ఉన్నాయా?

మీ ఉదయగిరితోనే మొదలుపెట్టవచ్చు. అక్కడ పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారు ‘మయూరి’ తీసినప్పుడు సంగీత దర్శకుడు బాలుగారే. ఆ పనికి ఆయన నంది పురస్కారం అందుకున్నారు. కాలంలో వెనక్కీ ముందుకీ ప్రయాణించే యంత్రం కథతో సింగీతం వారు తిరుగుతున్నప్పుడు, అది తెరకెక్కవలసిన కథ అని నిర్మాతకు నచ్చజెప్పి, 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’కు సమర్పకుడిగా నిలిచినదీ బాలుగారే.

సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆచార్య ఆత్రేయ గారి మాటకు బాలుగారి గొంతు ఎంతగా ఒదిగిందో ‘అభినందన’ పాటలు చెబుతాయి. ఆత్రేయ గారి పాటలో పెద్ద పెద్ద సమాసాలు ఉండవు. మనం ఇంట్లో మాట్లాడుకునే చిన్న మాటలే ఉంటాయి, వాటి మధ్య మౌనం ఉంటుంది. ఆ మౌనాన్ని పాడగలగాలి. పైన చెప్పిన ‘ప్రేమ’లోని పాటలు కూడా ఆత్రేయ గారివే. నెల్లూరు జిల్లా కవి రాసిన పాటలను నెల్లూరు గాయకుడు పాడి, అదే చిత్రంలో నటించడం మన జిల్లావారు గుర్తుపెట్టుకోదగిన ముచ్చట. ఆ ఏడు సెప్టెంబరులోనే ఆత్రేయ గారు కాలం చేశారు.

కోవూరు పాఠకురాలు: నేను ఇంటర్ చదువుతూ పాటలు నేర్చుకుంటున్నాను. పోటీలో బాలుగారి పాట పాడితే గొంతు అచ్చం ఆయనలా లేదని ఒకరు మార్కులు తగ్గించారు. ఏం చేయాలి?

అమ్మాయీ, దిగులుపడకు. ఆడపిల్ల గొంతు ఆయన గొంతులా ఉండాలనుకోవడం తప్పు, నీది తప్పు కాదు. 1996 నుంచి ఈటీవీలో నడిచిన ‘పాడుతా తీయగా’ పాత భాగాలు దొరికితే చూడు. పిల్లలు పాడడం ముగించగానే ఆయన మొదట కవి పేరు చెబుతారు, పాట సందర్భం చెబుతారు, తరువాత ఒత్తు పలకని అక్షరాన్ని పట్టుకుంటారు. శ, ష, స మూడింటికీ తేడా వినిపించాలనీ, మహాప్రాణాలు మింగకూడదనీ ఆయన పట్టుబట్టేవారు. అర్థం తెలియని మాటను పాడవద్దని చెప్పేవారు.

కనుక పాట తీసుకోగానే రాగం జోలికి పోకుండా, ముందు దానిని వచనంలా గట్టిగా చదువు. ఈ మాట ఎవరు, ఎవరితో, ఎక్కడ నిలబడి అంటున్నారో ఒక కాగితం మీద రాసుకో. కోపంగా ఒకసారి, బతిమాలుతూ ఒకసారి, నవ్వుతూ ఒకసారి చదివి, ఏది ఆ పాత్రకు సరిపోతుందో తేల్చుకున్నాక స్వరం కలుపు. ఒకే వారంలో పైన చెప్పిన మూడు పాటలు, ‘ముత్యాలూ వస్తావా’, ‘తకిట తధిమి’, ‘మాటే రాని చిన్నదాని’ విని, ఆయన ఊపిరి తీసుకున్న ప్రతి చోటా పెన్సిలుతో గీత పెట్టు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లోనే ఆయన పేరు పెట్టారు. కోవూరు నుంచి పెన్న దాటితే వచ్చేస్తుంది. ఒకసారి అమ్మానాన్నలతో వెళ్ళి, అక్కడి అధ్యాపకులకు పాడి వినిపించి, నీ శ్రుతి ఎక్కడ నిలుస్తోందో అడిగి తెలుసుకో.